నేను ఊరబెట్టిన వేడినీళ్ల యంత్రం

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ వయసువాడికి తెలివి ఉండాలని ఎవరూ ఆశించరు గానీ, తెలివితక్కువతనానికి కూడా ఒక హద్దు ఉంటుందని మాత్రం అనుకుంటారు. నేను ఆ హద్దు దాటి, అవతలి ఒడ్డున కాపురం పెట్టినవాణ్ణి. మా గోదావరి జిల్లాల్లో మామిడికాయ, ఉసిరికాయ, చింతకాయ ఊరబెట్టినవాళ్లు ఇంటికొకరుంటారు. ఇనుపయంత్రానికి ఉప్పేసి ఊరబెట్టినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఎందుకు ఊరబెట్టావయ్యా అని అడిగితే నా దగ్గర ఒకే జవాబుంది: కుళ్లు. మా బావ మీద కుళ్లు. (ఒక్క ముక్క కుళ్లితే జాడీ అంతా పోతుందని మా అమ్మ ఏటా చెప్పేది. ఆ మాట జాడీల గురించేననుకుని వదిలేశాను.)

బావంటే మా మేనత్త కొడుకు. నాకన్నా సరిగ్గా పదకొండు రోజులు పెద్ద. ఆ పదకొండు రోజుల్లో వాడు ఈ లోకంలో ఏం నేర్చేసుకున్నాడో గానీ, నేను పుట్టిన నాటి నుంచీ నాకు వినబడుతున్న మాట ఒక్కటే, "బావని చూసి నేర్చుకోరా" అని. వాడు ముందు నడిచాడు, నేను తర్వాత నడిచాను. వాడి చేతిరాత ముత్యాలు, నాది చీమలు సిరాలో పడి ఎండలో ఆరినట్టుండేది. ఐటీఐలో ఇద్దరం ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేసే చదువే చదివాం. వాడు ఫస్టొచ్చాడు, నేను బయటికొచ్చాను. ఆఖరికి ఉద్యోగమన్నా వేరే చోట దొరుకుతుందనుకుంటే, మా మేనత్తే పూనుకుని "ఇద్దరూ కలిసుంటే తోడుగా ఉంటుంది" అని ఒకే చోట పెట్టించింది. తోడు సంగతి దేవుడెరుగు, తోడుకున్నది నా మనసే, పెరుగులాగ.

ఆ చోటు రావులపాలెం సెంటరు దాటాక అరటితోటల మధ్య ఉన్న ఒక ఏసీ కల్యాణమండపం. మండపేటలో రైసుమిల్లున్న షావుకారుగారిది. హాలు వెనక యంత్రాల గదిలో రెండు పెద్ద యంత్రాలుండేవి. ఒకటి చిల్లరు. నీళ్లని చల్లబరిచి, ఆ చల్లదనాన్ని హాల్లోకి పంపేది. రెండోది వేడినీళ్ల యంత్రం. చిల్లరు హాల్లోంచి లాగిన వేడిని ఊరికే గాలికి వదిలెయ్యకుండా, దాన్ని పట్టుకుని పెళ్లివారి స్నానాలకి నీళ్లు కాచేది. చిల్లరు బావకిచ్చారు, వేడినీళ్లు నాకు. అంటే ఏంటన్నమాట? బావ యంత్రం వద్దని పారేసిన వేడితో నా యంత్రం బతకాలి. నా జీవితాన్ని ఎవరో ఇనుముతో పోతపోసి, బోల్టులు బిగించి, నా ఎదురుగానే నిలబెట్టినట్టుండేది.

ఆ ఏడు వైశాఖం ఆఖర్లో మూఢం వచ్చింది. మూఢంలో మావైపు పెళ్లి చెయ్యరు. దాని వెనకే ఆషాఢం, అప్పుడూ చెయ్యరు. ఎలాగూ హాలు ఖాళీయే కదా అని షావుకారుగారు పైకప్పు విప్పించి కొత్తది వేయించే పని పెట్టుకున్నారు. కార్తీకం దాకా పెళ్లిళ్లు లేవు, కాబట్టి యంత్రాలూ వద్దు. వాటిని ఆర్నెల్లపాటు చెడిపోకుండా పడుకోబెట్టాలి. (దేశంలో ఎక్కడైనా ఏసీ యంత్రాలు ఎండని బట్టి నడుస్తాయి. మావి పంచాంగాన్ని బట్టి నడిచేవి. బయట రోళ్లు పగిలే ఎండ, లోపల మేం ఏసీని నిద్రపుచ్చుతున్నాం.)

ఎలా నిద్రపుచ్చాలో చెప్పడానికి విశాఖ నుంచి కంపెనీ ఇంజనీరుగారొచ్చారు. తెల్లబూట్లు వేసుకుని, మాట్లాడిన ప్రతి మాటకీ ఒక వేలు మడిచే మనిషి. "లోపల నీళ్లు చుక్క మిగలకూడదు. ఒక్కో గొట్టంలోకీ గాలి కొట్టి ఆరబెట్టండి. ఆరాక ఈ ప్యాకెట్లు లోపల పెట్టి మూతలు బిగించండి, మిగిలిన చెమ్మ అవి లాగేస్తాయి. గ్యాసు తిరిగే వైపు నైట్రోజన్ నింపి పెడతాను, వారానికోసారి ప్రెషరు మీటరు ముల్లు చూసి రాసుకోండి. ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతోందని." అని, సిలికా జెల్ ప్యాకెట్ల అట్టపెట్టె ఒకటి బల్ల మీద పెట్టారు. బావ దాన్ని రెండు చేతులతో అందుకుని స్టోరు రూములో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి వాడి జేబులోకి వెళ్లింది. తాళంచెవులన్నీ వాడి జేబులోకే ఎలా వెళ్తాయో నాకు ఇప్పటికీ తెలియదు.

అదే రోజు షావుకారుగారు మా ఇద్దర్నీ నిలబెట్టి అసలు సంగతి చెప్పారు. "ఇదిగో అబ్బాయిలూ, ఇద్దర్ని ఏడాది పొడుగునా పోషించడం నా వల్ల కాదండి. కార్తీకంలో ఇంజనీరుగారొచ్చి విప్పి చూస్తారు. ఎవరి మిషను శుభ్రంగా ఉంటే వాళ్లే ప్లాంటు ఇన్‌చార్జి, పర్మినెంటు. రెండోవాళ్లు ముహూర్తాలున్న రోజుల్లో ఫోను చేస్తే వద్దురు గాని." ఇన్‌చార్జి అనే మాట విన్నాక ఆ పూట నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. ఈ ఒక్కసారీ బావని దాటేస్తే, నన్ను చూసి నేర్చుకోమని మా మేనత్త వాడికి చెప్పాలి. ఆ ఒక్క మాట కోసం నేను యంత్రాన్ని నాలుకతో నాకి ఆరబెట్టమన్నా ఆరబెట్టేవాణ్ణి.

నిజానికి మొదట్లో బాగానే పనిచేశాను. నీళ్లన్నీ వదిలేశాను, గొట్టాల్లో గాలి కొట్టాను, గుడ్డ పెట్టి తుడిచాను. ఇక ప్యాకెట్లు పెట్టి మూత బిగించడమే తరువాయి. అప్పుడొచ్చాడు బావ, గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ.

"ఒరే, పెట్టెలో సగం నీవే. తాళం నా దగ్గరుంది, వచ్చి తీసుకో."

"తాళం నీ దగ్గరుందని చెప్పడానికొచ్చావా?"

"ప్యాకెట్లున్నాయని చెప్పడానికొచ్చాన్రా బాబూ."

"నాకక్కర్లేదు. నా ఏర్పాటు నాకుంది."

"ఏం ఏర్పాటు?"

"కార్తీకంలో చూద్దువు గాని."

వాడు ఒక నిమిషం నా మొహంలోకి చూసి, "సరే, కావాలంటే అడుగు" అని వెళ్లిపోయాడు. అడుగు అన్నాడు చూశారా, అక్కడే పోయింది వ్యవహారం. బావని అడగాలా? చిన్నప్పుడు పెన్సిలు చెక్కుకునే బ్లేడు దగ్గర్నుంచి వాణ్ణి అడుగుతూనే బతికాను. ఇంక అడగను. నా ఏర్పాటు నాకుందని నోటితో అనేశాను కాబట్టి, ఇంటికెళ్లే దారంతా ఆ ఏర్పాటు ఏంటా అని ఆలోచించుకున్నాను.

ఇంటికెళ్లేసరికి అది వంటింటి గూట్లో కనబడింది. ఉప్పుజాడీ. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లుతుంది. ఎందుకు చెమ్మగిల్లుతుంది? గాలిలో తేమంతా లాగేసుకుంటుంది కాబట్టి. మరి ఆ ప్యాకెట్లు చేసే పనేంటి? తేమ లాగడమే. న్యాయంగా ఆలోచిస్తే ఇందులో తప్పెక్కడుందో మీరే చెప్పండి. (లాగిన తేమతో ఉప్పు ఏం చేస్తుందన్నది రెండో ప్రశ్న. నేను ఎప్పుడూ మొదటి ప్రశ్నకే హాజరైన విద్యార్థిని.) మా నాన్నగారి పాత పంచె ఒకటి చింపి, పన్నెండు గుడ్డముక్కలు చేసి, ఒక్కోదాన్లో గుప్పెడు కళ్లుప్పు పోసి మూటలు కట్టాను. బావ ప్యాకెట్లు చిటికెడంత, నా మూటలు గుప్పెడంత. పరిమాణంలోనే సగం గెలిచేశాననిపించింది.

మర్నాడు అవన్నీ యంత్రంలో గొట్టాల చివరుండే ఇనుప అరలో పేర్చి, మూత బిగించి, అంతటితో ఊరుకోకుండా బయటికి తెరుచుకున్న ప్రతి పైపు మూతికీ ప్లాస్టిక్ కాగితం వేసి, పైన తెల్లగుడ్డ వేసి, మా అమ్మ ఆవకాయ జాడీకి కట్టినట్టు వాసెన కట్టాను. షావుకారుగారి తల్లి, మేం మామ్మగారనేవాళ్లం, అటుగా వచ్చి కళ్లజోడు పైకెత్తి చూశారు.

"ఏం పచ్చడి పెడుతున్నావు నాయనా?"

"పచ్చడి కాదండి మామ్మగారూ, టెక్నాలజీ."

"ఏమో, కట్టడం మాత్రం బాగా కట్టావు. మా కోడలికి రాదు." అని, ఆవిడ మెచ్చుకుని వెళ్లారు. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి మెప్పు అది. ఆఖరిది కూడానని అప్పుడు తెలియదు.

ఇక వారానికోసారి ముల్లు చూసే రోజులు మొదలయ్యాయి. బావ ప్రతి సోమవారం వచ్చి, తన యంత్రం ముల్లు చూసి, నా యంత్రం ముల్లు కూడా చూసి, పలక మీద తారీఖులు వేసి రాసేవాడు. రెండు ముళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. (నైట్రోజన్ ఉన్నది గ్యాసు తిరిగే వైపు. ఉప్పున్నది నీళ్లు తిరిగే వైపు. అందుకని ముల్లు నా గుట్టు బయటపెట్టలేదు.) ఒక సోమవారం నేను ముందే వెళ్లాను. గదిలో ఎవరూ లేరు. బావ యంత్రం నైట్రోజన్ వాల్వు నా చేతికందేంత దూరంలో ఉంది. పావు చుట్టు తిప్పితే చాలు, సర్రుమని ముల్లు దిగిపోతుంది, కార్తీకం దాకా వాడు ఎక్కడ కారుతోందో వెతుక్కుంటూ ఉంటాడు. చెయ్యి దాని మీద వేశాను కూడా. ఇనుము చల్లగా తగిలింది. తిప్పుదామా వద్దా అనుకునేంతలో వెనకనుంచి బావ గొంతు వినబడింది.

"ఏంట్రా, నాకన్నా ముందే వచ్చి నా రీడింగు కూడా చూసిపెడుతున్నావా?"

"ఆఁ... బిగిసే ఉందా లేదా అని."

వాడు నేరుగా షావుకారుగారి దగ్గరికెళ్లి, "మావాడు నా మిషను కూడా చూసుకుంటున్నాడండి, చెప్పకుండానే" అని పొగిడి వచ్చాడు. మనిషిని ద్వేషించడానికి కూడా వీలివ్వని మనిషితో వేగడం ఎంత కష్టమో మీకు తెలియదు. నేను చెడ్డపని చెయ్యబోయిన చోట కూడా వాడు నాకు మంచిపేరు తెచ్చిపెట్టాడు. ఆ రాత్రి నాకు వాడి మీద ఉన్న కుళ్లు రెండింతలైంది.

ఆషాఢం వచ్చింది. వానలు ఏకధాటిగా కురిశాయి. ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే మా అమ్మ ఉప్పుజాడీ ఒంచి చూపించింది. "చూడరా, ఈ ముసురుకి ఉప్పంతా నీరైపోయింది" అంది. కంచం పక్కకి జరిపి లోపలికి తొంగిచూశాను. జాడీ అడుగున బూడిదరంగు నీళ్లు, వాటి మధ్య కరగడానికి సిద్ధంగా ఉన్న నాలుగు గడ్డలు. యంత్రం గదికి పైకప్పు పనుల వల్ల సగం రేకులే ఉన్నాయి, అక్కడ ఇంతకన్నా ముసురే. అయితే దానికింకా మార్గముంది. వెంటనే వెళ్లి మూత విప్పి, మూటలు తీసేసి, కడిగి, ఆరబెట్టి, అసలు ప్యాకెట్లు పెట్టేస్తే సరిపోతుంది. కానీ మూత బిగించాక తిరిగిచ్చేసిన పెద్ద పానా స్టోరు రూములో ఉంది. ప్యాకెట్లూ స్టోరు రూములోనే ఉన్నాయి. స్టోరు రూము తాళంచెవి ఎవరి జేబులో ఉందో మీకు తెలుసు. సైకిలెక్కి వాళ్లింటి సందు మొగదాకా వెళ్లాను. వీధరుగు మీద బావ కూర్చుని మా మేనత్తకి సెల్‌ఫోన్లో ఏదో చూపిస్తూ నవ్విస్తున్నాడు. "ఏంట్రా ఇలా వచ్చావు?" అంటే ఏమనాలి? "ఉప్పు పెట్టాను బావా" అనాలి. అనలేక సైకిలు తిప్పేశాను. గట్టిగా బిగించాను కదా, లోపలికి గాలి వెళ్లదు, ఉప్పు ఉప్పుగానే ఉంటుంది అని దారిపొడుగునా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నేను ఏం చెప్పినా నేను ఇట్టే నమ్మేస్తాను, అదొక బలహీనత.

కార్తీకం మొదట్లో ఇంజనీరుగారు అవే తెల్లబూట్లతో వచ్చారు. షావుకారుగారు వచ్చారు. మామ్మగారు పసుపూ కుంకుమా కొబ్బరికాయా పట్టుకొచ్చి రెండు యంత్రాలకీ బొట్లు పెట్టారు. మొదట బావ యంత్రం విప్పారు. మూత పక్కకి జరపగానే గొట్టాల చివర్లు కొత్త రాగిచెంబుల్లా తళతళలాడాయి. ఇంజనీరుగారు లోపల వేలు పెట్టి తీసి, ఆ వేలిని అందరికీ చూపించారు. దాని మీద ఏమీ లేదు. ఏమీ లేని వేలిని అంతమంది అంత సంతోషంగా చూడటం నేనెక్కడా చూడలేదు.

తర్వాత నాది. నేను కట్టిన వాసెనలన్నీ ఇంజనీరుగారు ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టారు. బోల్టులు వదులు చేశారు. సగం వదులవగానే మూత సందులోంచి ఎర్రటి నీళ్లు బుడబుడమని కారి ఆయన తెల్లబూట్ల మీద పడ్డాయి. మూత పూర్తిగా తీసేసరికి లోపల మా నాన్నగారి పంచె ముక్కలు తుప్పురంగులో వేలాడుతున్నాయి. ఆయన ఒక ముక్కని రెండు వేళ్లతో పట్టుకుని పిండి, వాసన చూసి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నారు.

"ఉప్పగా ఉందేంటండీ?" అన్నారు షావుకారుగారి వైపు తిరిగి. "రావులపాలెంలో గోదావరి నీళ్లే కదా పడతారు? మీవాళ్లేమైనా అంతర్వేది సముద్రం నుంచి తెప్పించి పోశారా?"

షావుకారుగారు నా వైపు తిరిగారు. మామ్మగారు మాత్రం దగ్గరికొచ్చి తొంగిచూసి, "ఉప్పు ఎక్కువైంది నాయనా. ఆవపిండి అసలు వెయ్యనేలేదు" అన్నారు.

ఉప్పు, తుప్పు, తప్పు. మూడూ ఒకే ప్రాసలో కుదురుతాయని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. సరే, తప్పు ఒప్పుకుందాం, కనీసం ఒప్పుకోవడంలోనైనా మగాడిలా ఉందామని నోరు తెరిచాను. నా నోట్లోంచి మాట వచ్చేలోపల బావ ఒక అడుగు ముందుకేశాడు.

"తప్పు నాదండి. ప్యాకెట్లు నా దగ్గరే ఉన్నాయి, తాళం నా దగ్గరే ఉంది. వాడు మొహమాటపడి అడగలేదు. అడక్కపోయినా నేను తీసుకెళ్లి ఇవ్వాల్సింది. ఇద్దరం కలిసి శుభ్రం చేసేస్తామండి."

షావుకారుగారు బావ భుజం మీద చెయ్యివేసి, "ఇదండీ మనిషంటే. పక్కవాడి తప్పు కూడా నెత్తినేసుకునేవాడే ఇన్‌చార్జిగా ఉండాలి" అన్నారు. తప్పు చేసింది నేను, ఉప్పు పెట్టింది నేను, పంచె మా నాన్నగారిది. ఆఖరికి తప్పు ఒప్పుకునే గౌరవం కూడా వాడే ఎగరేసుకుపోయాడు. నాకంటూ మిగిలింది ఇత్తడిబ్రష్షు. పదిహేను రోజులు ఆ గొట్టాల్లో బ్రష్షు తోసి, కడిగి, ఆరబెట్టాం. ఇన్‌చార్జయ్యాక కూడా వాడు నా పక్కనే కూర్చుని తోమాడు, అది ఇంకో బాధ. రెండు గొట్టాలు చిల్లులు పడ్డాయని ఇంజనీరుగారు వాటికి బిరడాలు కొట్టి వెళ్లారు. నేను ముహూర్తాలకి ఫోనొస్తే వెళ్లే మనిషినయ్యాను.

ఆ మాఘమాసంలోనే బావ పెళ్లి కుదిరింది. మా హాల్లోనే. పెళ్లికొడుకుని చేశాక బాసికం, కంకణం, పాదాలకి పారాణి, మా మేనత్త వాణ్ణి గది గుమ్మం దాటనివ్వదు. అందుకని ముందురోజు సాయంత్రం బావ నన్ను పిలిచి తాళంచెవుల గుత్తి నా అరచేతిలో పెట్టాడు. "ఒరే, రేపొక్కరోజూ నువ్వే ఇన్‌చార్జివి" అన్నాడు. ఆ మాట వాడి నోటితోనే అన్నాడు. తెల్లారగానే నేను యంత్రాల గదికి వెళ్లి, వాడి కుర్చీలో కూర్చుని, కాసేపు అటూ ఇటూ తిరిగి, లేచి పెళ్లికొడుకు గదికి వెళ్లే వేడినీళ్ల వాల్వు దగ్గరికి వెళ్లాను. ఈసారి వెనకనుంచి ఏ గొంతూ వినబడలేదు. తిప్పేశాను.

మాఘమాసం, అరటితోటల మీంచి మంచు ఇంకా లేవలేదు. గోడ అవతల ముత్తయిదువల పాట, మొదటి చెంబు చప్పుడు, ఆ వెంటనే బావ లోపలికి లాగిన ఊపిరి. ఆ ఊపిరి నాకు స్పష్టంగా వినబడింది. రెండు నిమిషాలకి ఫోను మోగింది.

"ఒరే, చన్నీళ్లొస్తున్నాయిరా."

"చూస్తానుండండి బావగారూ."

"ఎంతసేపు?"

"చెప్పలేనండి. గొట్టాలు రెండు తక్కువ కదా."

"ఓహో" అని మాత్రం అని పెట్టేశాడు. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఆ చన్నీళ్లే పోసుకున్నాడు.

ముహూర్తం వేళ పీటల మీద కూర్చున్నాక వాడి ముక్కు ఎర్రబడటం నేను కిందనుంచి చూస్తూనే ఉన్నాను. జీలకర్రా బెల్లం పెట్టబోతుంటే వాడి మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. శుభమా అంటూ ముహూర్తం వేళ పెళ్లికొడుకు తుమ్మితే మా మేనత్త ప్రాణం నిలబడదు. నేను గబగబా మేళగాళ్లవైపు చెయ్యి ఊపాను. గట్టిమేళం గుప్పుమంది. ఆ హోరులో బావ ఒకటికి మూడు తుమ్ములు తుమ్మాడు. పంతులుగారికి వినబడలేదు, పెళ్లికూతురికి వినబడలేదు, హాల్లో ఒక్క ప్రాణికి వినబడలేదు. వీడియోవాడు మాత్రం సరిగ్గా అప్పుడే దగ్గరగా తీశాడు.

నేనిప్పుడు రావులపాలెంలోనే అరటిపళ్లు మగ్గబెట్టే గదుల దగ్గర పనిచేస్తున్నాను. అక్కడ నాకు నేనే పెద్దని, నన్ను చూసి నేర్చుకోవలసినవాళ్లూ ఇద్దరున్నారు. బావ ఇప్పటికీ ఆ హాల్లోనే ఇన్‌చార్జి. వాడి జుట్టు ఊడలేదు, నాది ఊడింది, ఆ సంగతి వదిలేద్దాం. మనసు బాగోలేనప్పుడు ఫోను తీసి ఆ వీడియోలో ఆ పదిక్షణాల ముక్క వేసుకుంటాను. డోళ్లూ సన్నాయీ మోగుతుంటాయి, అక్షింతలు పడుతుంటాయి, వాటి మధ్య పుట్టినప్పటి నుంచీ ఏ తప్పూ చెయ్యని మా బావ నోరు తెరిచి, కళ్లు మూసి, ముక్కు ఎగబీల్చి, చప్పుడు లేకుండా మూడుసార్లు తుమ్ముతాడు. మూడో తుమ్ము దగ్గర ఆపి, కొంచెంసేపు అలా చూసి, ఫోను జేబులో పెట్టుకుంటాను.